కాలనీ కమ్యూనిటీ హాలు ఏడాదికి పాతిక రోజులే తెరుస్తున్నారు, రోజూ నడవాలంటే ఏం చేయాలి?

కొండగాలి (మర్రిపాలెం)

అందరికీ నమస్కారం. విశాఖలో మర్రిపాలెం వైపు ఓ కాలనీ. 160 ఇళ్ళు, దాదాపు సగం అద్దెవాళ్ళు. మధ్యలో కమ్యూనిటీ హాలు: 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, వెనక వంటగది, రెండు బాత్‌రూములు. పునాది రోడ్డుకన్నా అడుగున్నర ఎత్తు. కట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

ఏడాదికి పాతిక రోజులు తెరిస్తే గొప్ప. వినాయకచవితి ముందు మీటింగు, రెండు మూడు బారసాలలు, ఓ పెద్దకర్మ భోజనాలు, ఎన్నికలొస్తే పోలింగు. మిగతా రోజులు తాళం. అసోసియేషన్ రిజిస్టరు అయింది గానీ జనరల్ బాడీ పెట్టి నాలుగేళ్ళయింది. స్లాబు వంటగది వైపు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి. 60 ప్లాస్టిక్ కుర్చీల్లో సగం విరిగినవే.

ఇప్పుడు కొందరు కుర్రాళ్ళు, రిటైరైన పెద్దలు కలిసి రోజూ తెరిచి ఉంచాలంటున్నారు. ముందు దేంతో మొదలెట్టాలి, కాగితాలా, స్లాబా, కార్యక్రమాలా? నెలకు ఖర్చెంత, ఎలా రాబట్టాలి? ఫంక్షన్లకు అద్దెకివ్వడం మంచిదేనా? ‘ఎంత చేసినా జనం రారు’ అనే మాటకి జవాబేంటి? తెలిసినవాళ్ళు లెక్కలతో చెబితే మేలు. ఊరికే ‘ఐకమత్యం ముఖ్యం’ అనేవి మా వాట్సాప్ గ్రూపులో బోలెడొచ్చాయి.

లెడ్జర్ మాస్టారు (సీతమ్మధార)

కొండగాలి గారూ, స్లాబు సంగతి తర్వాత. ముందు ఆ హాలు ఎవరిదో తేల్చుకోండి. విశాఖలో ఇలాంటి హాళ్ళు ఒక్క రకంవి కావు. కొన్ని జీవీఎంసీవి, అంటే నగర కార్పొరేషన్‌వి. కొన్ని పాత వుడా లేఅవుట్లలో కట్టినవి, అంటే ఇప్పటి వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ) చేతిలోవి. కొన్ని హౌసింగ్ బోర్డు కాలనీల్లోవి. కొన్ని అసోసియేషన్ సొంత స్థలంలో చందాలతో లేచినవి. ఇంకొన్ని లేఅవుట్‌లో పార్కుకని వదిలిన ఖాళీ జాగాలో ఎవరో ఎప్పుడో కట్టేసినవి. ఈ ఆఖరి రకంతోనే తంటా. పార్కు స్థలాన్ని వేరే పనికి మళ్ళించడం కుదరదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మీది అలాంటిదైతే కొత్త గది కట్టడం, మేడ వేయడం లాంటి ఆలోచనలు మానేయండి. ఉన్నదాన్ని బాగుచేసుకోండి, చాలు.

తెలుసుకోవడం కష్టం కాదు. కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోంది, ఇంటిపన్ను అసెస్‌మెంటు ఉందా, ఉంటే ఎవరి పేరున ఉంది, లేఅవుట్ ప్లానులో ఆ జాగాకి ఏమని రాశారు: ఈ మూడూ చూస్తే సగం తేలుతుంది. మిగతా సగానికి సమాచార హక్కు దరఖాస్తు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ‘మా హాలును ఎందుకు పట్టించుకోవట్లేదు?’ అని రాస్తారు. ఆ చట్టం కింద వచ్చేది రికార్డు, సంజాయిషీ కాదు. అందుకని ఇలా అడగండి: ‘ఫలానా వీధిలోని సామాజిక భవనం ఆస్తుల రిజిస్టరులో నమోదైన పేజీ నకలు, దాని నిర్వహణను ఎవరికైనా అప్పగించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు, గత మూడేళ్ళలో దానిపై పెట్టిన ఖర్చు వివరాలు.’ 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయాలి. ఆ తేదీ గోడ క్యాలెండరులో రాసిపెట్టుకోండి, మర్చిపోయేది అదే.

భవనం కార్పొరేషన్‌దని తేలితే జోనల్ కమిషనర్ పేరున అసోసియేషన్ తీర్మానం జతచేసి, నిర్వహణ మాకివ్వండని రాతపూర్వకంగా అడగాలి. నోటిమాట మీద నడిపితే మీరు రంగులేసి ఫ్యాన్లు పెట్టాక ఎవరో వచ్చి ‘ఇది మాది’ అంటారు.

ఇక అసోసియేషన్. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురితో సొసైటీ పుడుతుంది, అదేం పెద్ద విషయం కాదు. దాన్ని బతికించుకోవడమే పని. ఏటా జనరల్ బాడీ పెట్టి, అయిన 15 రోజుల్లో కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేయాలి. మీరు నాలుగేళ్ళుగా పెట్టలేదంటున్నారు. ఆ ఫలితం ఎక్కడ తగులుతుందో తెలుసా? బ్యాంకులో. కొత్త కార్యదర్శి సంతకం మార్చమంటే బ్యాంకువాళ్ళు దాఖలైన తాజా జాబితా అడుగుతారు. అది లేకపోతే డబ్బు పాత సంతకాల కిందే ఉండిపోతుంది. అందుకని మీ మొదటి అడుగు ఇదే: బైలాలో రాసినన్ని రోజుల ముందు నోటీసిచ్చి జనరల్ బాడీ, అందులో కొత్త కమిటీ, వారంలోపే దాఖలు.

ఆ మీటింగులోనే ఇంకోటి చూడండి. మీ బైలాలో ‘ఇంటి యజమానులే సభ్యులు’ అని ఉండే అవకాశం ఎక్కువ. అంటే 160లో 80 ఇళ్ళు అధికారికంగా పరాయివాళ్ళే. అద్దెవాళ్ళకి అనుబంధ సభ్యత్వం పెట్టండి. ఆస్తి విషయాల్లో ఓటు లేకపోయినా హాలు వాడకం, నెలచందా, కార్యక్రమాల కమిటీలో వాళ్ళకి చోటుండాలి. రోజూ హాలుకొచ్చే వయసు పిల్లలు ఎక్కువగా ఆ ఇళ్ళలోనే ఉంటారు.

ఖర్చు. మీ సైజు హాలుకి నెలకి నా అంచనా: ఊడ్చి కడిగే మనిషికి రోజుకు రెండు గంటల పనికి 4,500, కరెంటు 2,000, పేపర్లు 900, తాగునీళ్ళ టిన్నులు 600, ఫినాయిలు చీపుర్లు 500. మొత్తం 8,500. పైన మరమ్మతుల నిధికి 1,500 తప్పనిసరిగా పక్కన పెట్టండి, 10,000 అనుకోండి. ఇంటికి 100 చొప్పున 160 ఇళ్ళూ ఇస్తాయని లెక్కవేయొద్దు. 90 ఇళ్ళు ఇస్తే మంచి వసూలే. 9,000 వస్తుంది. తక్కువయ్యే వెయ్యి బుకింగుల మీద రావాలి.

డబ్బు విషయంలో నాలుగు మాటలు. క్యూఆర్ కోడు సొసైటీ ఖాతాది ఉండాలి, కోశాధికారి సొంత ఫోనుది కాదు. రసీదు పుస్తకాలకు వరస నంబర్లు అచ్చువేయించి, ఏ పుస్తకం ఎవరికిచ్చారో రాసుకోవాలి. చేతిలో నగదు 2,000 దాటితే మర్నాడే బ్యాంకులో కట్టేయాలి. ప్రతి నెలా 5వ తేదీలోపు ఒక పేజీ లెక్క హాలు తలుపు పక్కన అంటించాలి: ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, చందా కట్టినవాళ్ళ ఇంటి నంబర్లు. కట్టనివాళ్ళ జాబితా మాత్రం పెట్టకండి. అది పెట్టిన నెల నుంచి వాళ్ళు చందాతో పాటు రావడమూ మానేస్తారు.

సైట్ మేస్త్రి (గాజువాక)

స్లాబు గురించి చెబుతాను, ఎందుకంటే పైన చెప్పిన కాగితాలు తేలేలోపే అక్టోబరు తుఫాన్లు వచ్చేస్తాయి.

విశాఖలో సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న కాలనీలకీ ఉప్పుగాలి తప్పదు. కాంక్రీటులో ఎక్కడ సన్న బీట ఉన్నా తేమ, ఉప్పు కలిసి చువ్వ దాకా పోతాయి. తుప్పు తను తిన్న ఇనుము కన్నా కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. అంటే పెచ్చు ఊడటం రోగం కాదు, రోగం బయటపడటం. మేస్త్రిని పిలిస్తే రెండు తట్టల మాలు కలిపి పూసేసి పోతాడు. ఏడాదిలో ఆ పూతే మళ్ళీ పెద్ద పెచ్చుగా ఊడుతుంది, కింద పిల్లలుంటే ప్రమాదం.

సరైన పద్ధతి: సుత్తితో తట్టుకుంటూ పోతే డొల్ల శబ్దం వచ్చినంత మేరా చెక్కేయాలి. చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ వచ్చేదాకా తీయాలి. వైరు బ్రష్షుతో తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా రుద్దాలి. చువ్వ ఇనుములో నాలుగో వంతు తినేసి ఉంటే పక్కన కొత్త చువ్వ కట్టాలి, అది ఇంజనీరు వచ్చి చూసి చెప్పాల్సిన మాట. తర్వాత తుప్పు నిరోధక పూత, పాత కొత్త కాంక్రీటు అంటుకునే బాండింగ్ పూత, అది ఆరిపోకముందే పాలిమర్ కలిపిన మాలు పలచటి పొరలుగా. ఆ మాలుకి చెప్పినన్ని రోజులు తడపాలి. తడపకపోతే మిగతా అంతా వృథా.

ఇదంతా కింద వైపు పని. అసలు నీళ్ళొచ్చేది పైనుంచి. వంటగది మూల అన్నారు కాబట్టి దాని పైన నీళ్ళు పోయే గొట్టం ఉందేమో చూడండి, నూటికి తొంభై చోట్ల అదే. గొట్టం నోటికి జాలీ లేక ఆకులు అడ్డం పడి నీళ్ళు నిలుస్తాయి. పిట్టగోడ బీటలో రావి మొక్క కనిపిస్తే పైపైన తుంపకండి, వేరు లోపల లావెక్కుతూనే ఉంటుంది. వేరుతో తీసి ఆ సందు మాలుతో నింపాలి. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో లంబకోణం వదలకుండా సిమెంటుతో వాలుగా గుండ్రం చేయించాలి. పరీక్షకి గొట్టాలు మూసేసి అంగుళం ఎత్తు నీళ్ళు కట్టి 24 గంటలు ఉంచండి, కింద తడి మచ్చ ఎక్కడొస్తుందో సుద్దముక్కతో గీత గీయండి. ఇవన్నీ మే నెలలో. వాన మొదలయ్యాక వాటర్‌ప్రూఫింగ్ పూత తడి స్లాబు మీద పట్టదు.

కుర్చీలు: 40×25 అంటే 1,000 చదరపు అడుగులు. నడిచే దారి వదిలితే మనిషికి 9, 10 చదరపు అడుగులు పడుతుంది, అంటే 100 కుర్చీలు. 150 కొనకండి, పెట్టడానికి చోటుండదు, గుట్టలు పెరుగుతాయి. గుట్టకి 10 కుర్చీలు మించితే అడుగు కుర్చీ కాళ్ళు విచ్చుకుని అక్కడే పగులుతాయి. మీ 60లో సగం విరగడానికి కారణం కూర్చున్నవాళ్ళు కాదు, పేర్చినవాళ్ళు. పెయింటు వేసిన ఇనప కుర్చీలు చవకని తీసుకోకండి, ఈ గాలికి వెల్డింగు దగ్గర మొదలెడతాయి.

ఫ్యాన్లు 8 చాలు. పాత ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30. ఒక్కోదానికి 45 వాట్ల తేడా, ఎనిమిదికి 360. రోజుకి 8 గంటలు తిరిగితే దగ్గరదగ్గర 2.9 యూనిట్లు మిగులు, నెలకి 86. అన్నట్టు, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు మీద కేటగిరీ ఏం రాసి ఉందో చూడండి. ఫంక్షన్ హాలు కింద ఉంటే కమర్షియల్ రేటు పడుతుంది. మీది సామాజిక భవనమని కాగితాలతో చూపించి కేటగిరీ సరిచూడమని సెక్షన్ ఆఫీసులో అర్జీ పెట్టండి.

పునాది అడుగున్నర ఎత్తన్నారు. ర్యాంపు వాలు 1కి 12 ఉండాలి, అంటే 18 అడుగుల పొడవు. ముందు గోడ 25 అడుగులు ఉంది కాబట్టి గోడ వెంబడే సరిపోతుంది, పైన తలుపు దగ్గర 4 అడుగుల చదును వదలండి. చోటు లేదని 8 అడుగుల్లో ముగిస్తే అది స్కూటర్లు ఎక్కించడానికే పనికొస్తుంది, చక్రాల కుర్చీ తోసేవాడికి చెయ్యి ఆగదు. ఒక బాత్‌రూములో కమోడు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ వేయించండి. పెద్దవాళ్ళు హాలుకి రాకపోవడానికి చాలాసార్లు కారణం కార్యక్రమం బాగోలేక కాదు, బాత్‌రూముకి భయపడి.

సంఘం అక్క (కంచరపాలెం)

మాస్టారు కాగితాలు చెప్పారు, మేస్త్రి గారు స్లాబు చెప్పారు. ‘జనం రారు’ అన్నదానికి నేను చెబుతాను.

రారు, ఎందుకంటే మీటింగు ఆదివారం పొద్దున్న 10 గంటలకి పెడతారు. ఆ టైముకి ఏ ఇంట్లో ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉంటాయి? స్టీల్‌ప్లాంటు, పోర్టు షిఫ్టులవాళ్ళు ఆ టైముకి డ్యూటీలోనో నిద్రలోనో ఉంటారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు పెట్టి చూడండి. గురువారాలు వద్దు, మార్గశిరంలో అయితే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి సగం కాలనీ వెళ్ళిపోతుంది. మీటింగు గంట దాటకూడదు. ముందు నలుగురు పెద్దలు మాట్లాడి చివర్లో ‘ఆడవాళ్ళేమైనా చెప్పాలా’ అంటే ఎవరూ చెప్పరు. మొదటి ఇరవై నిమిషాలు వాళ్ళకే ఇవ్వండి.

హాలు నిండాలంటే పెద్ద ప్రోగ్రాములు అక్కర్లేదు, రోజూ అదే టైముకి తలుపు తెరిస్తే చాలు. నేనైతే ఇలా వేస్తాను. పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు యోగా, వాకింగు వాళ్ళు. ఏడు నుంచి పదిన్నర పోటీ పరీక్షల పిల్లలు, వాళ్ళకి కావాల్సింది బల్ల, లైటు, ఫ్యాను, నిశ్శబ్దం. పదకొండు నుంచి ఒంటిగంట మన డ్వాక్రా సంఘాలవాళ్ళు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద సంఘాలన్నీ నెలనెలా మీటింగు పెట్టుకోవాల్సిందే, ఇప్పుడు ఎవరో ఒకరి వరండాలో ఇరుక్కుని కూర్చుంటున్నారు. మీ ఏరియా సంఘాల్ని చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) పిలిచి ఏ సంఘానికి ఏ తేదీనో పంచేయమంటే నెలలో పదిరోజులు హాలు దానంతటదే నిండుతుంది. మధ్యాహ్నం మూసేయండి, ఊడ్చేది అప్పుడే. నాలుగు నుంచి ఆరు చిన్నపిల్లలు: హోంవర్కు, క్యారమ్స్, చదరంగం. ఆరు నుంచి ఎనిమిది పెద్దవాళ్ళు, పేపర్లు, కబుర్లు.

క్యారమ్ బోర్డులు రెండుకన్నా ఎక్కువ కొనకండి. ఎక్కువ కొంటే కుర్రాళ్ళు మొత్తం ఆక్రమిస్తారు, ఆడపిల్లలు రావడం మానేస్తారు. వారంలో రెండు రోజులు ఆ రెండు గంటలూ ఆడపిల్లలకే అని బోర్డు రాసి పెట్టండి.

పేపర్ల దగ్గరే ఆగకండి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, రసీదు తిరగేసి చూడండి. జిల్లా గ్రంథాలయ సంస్థకి పుస్తక నిక్షిప్త కేంద్రాలనే ఏర్పాటు ఉంది. గది, బీరువా, చూసుకునే మనిషి ఉన్నారని చూపించి అర్జీ పెట్టండి. బీరువా చెక్కది వద్దు, చెద. ఇనపదైతే గోడకి నాలుగంగుళాలు ఎడంగా.

నెలకోసారి పట్టణ ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎంని, ఆశా కార్యకర్తని పిలవండి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి బీపీ, షుగరు పరీక్ష ఎలాగూ వాళ్ళ పనిలో భాగమే, ఇంటింటికీ తిరిగే బదులు ఒక్కచోట 60 మంది దొరికితే వాళ్ళకీ సుఖం. షుగరు పరగడుపున చూడాలంటే ఏడున్నరకే మొదలెట్టాలి, ముందురోజు సాయంత్రమే ‘టీ తాగకుండా రండి’ అని చెప్పాలి. చెప్పకపోతే సగంమంది టిఫిను తినేసి వస్తారు.

ఇంకోటి. మొదటి పెద్ద కార్యక్రమం ఏది పెట్టాలా అని ఆలోచిస్తుంటే మీకు చేతిలోనే ఉంది. సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢ చతుర్దశి మధ్యాహ్నం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర బయల్దేరి 32 కిలోమీటర్లు తిరిగే జనం మాధవధార, మురళీనగర్, ఎన్ఏడీ జంక్షను మీదుగా రాత్రంతా నడుస్తూనే ఉంటారు. మీకు పిలిస్తే పలికేంత దూరం. అందరూ పులిహోర, ప్రసాదాలు పెడతారు. అంత దూరం నడిచొచ్చినవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, కావాల్సింది శుభ్రమైన బాత్‌రూము, పది నిమిషాలు కాళ్ళు చాపే చోటు. అవి పెట్టండి. మజ్జిగ కూడా ఇస్తామంటే 20 లీటర్ల పెరుగుకి 80 లీటర్ల నీళ్ళు, 400 గ్రాముల ఉప్పు, అల్లం కరివేపాకు. 150 మిల్లీలీటర్ల గ్లాసుతో 650 మందికి వస్తుంది. అంతా ఒకేసారి చిలికితే అర్ధరాత్రికి పులుస్తుంది, పాతికేసి లీటర్ల చొప్పున నాలుగుసార్లు కలపండి. ఈ పని చేసినవాళ్ళు ఆ మర్నాటి నుంచి హాలుని ‘మా హాలు’ అంటారు, చూడండి.

సెక్టారు గోల (ఎంవీపీ కాలనీ)

అక్క చెప్పిన టైం టేబుల్ బాగుంది గానీ ముహూర్తాల సీజనులో అది నిలబడదండీ. ఫంక్షన్ల బుకింగు మొదలైతే డబ్బు తియ్యగా ఉంటుంది. ముందు నెలకి నాలుగన్నది పన్నెండవుతుంది, చదువుకునే పిల్లలు రెండుసార్లు వచ్చి తాళం చూసి వెళ్ళిపోతారు, మూడోసారి రారు. చివరికి అది చవక కల్యాణమండపం అవుతుంది. అసలు అద్దెకే ఇవ్వొద్దని నా మాట.

లెడ్జర్ మాస్టారు (సీతమ్మధార)

సెక్టారు గోల గారూ, భయం సరైనదే, మందే ఎక్కువైంది. అద్దె పూర్తిగా మానేస్తే ఆ వెయ్యి చందాలో పెరుగుతుంది, ఇచ్చే ఇళ్ళు 90 నుంచి 60కి పడతాయి. పైగా బారసాల, సీమంతం చేసుకోవడానికి ప్రైవేటు హాలు అద్దె భరించలేనివాళ్ళకి ఇదే దిక్కు. హద్దులు పెడితే సరి: నెలకి నాలుగు పూటలే, రోజు కాదు పూట. మధ్యాహ్నం 12 నుంచి 4 లేదా సాయంత్రం 5 నుంచి 10, పొద్దుటి చదువు వేళ ఎవరికీ ఇవ్వొద్దు. సభ్యులకి పూటకి 1,000, బయటివాళ్ళకి ఇవ్వొద్దు. 2,000 డిపాజిట్టు, హాలు కడిగి అప్పగించాకే తిరిగివ్వాలి. రాజకీయ సభలకి అన్ని పార్టీలకూ ఒకే నియమం, ఇస్తే అందరికీ, లేకపోతే ఎవరికీ.

హాలు బయట మైకు రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా ఉండకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో ఉంది. నివాస ప్రాంతాల్లో పగలే 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆ ముక్క బుకింగు ఫారం మీదే అచ్చువేసి సంతకం పెట్టించుకోండి. అప్పుడు పదయ్యాక ‘ఆపండి’ అనేది కార్యదర్శి కాదు, ఫారం.

సంఘం అక్క (కంచరపాలెం)

ప్లేట్ల మాట కూడా రాయండి మాస్టారూ. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, అయినా ఫంక్షను అయ్యాక వెనక కాలవలో అవే తేలుతుంటాయి. హాలుకి 100 స్టీలు కంచాలు, 100 గ్లాసులు కొనిపెట్టి కంచానికి 3 రూపాయలు అద్దె తీసుకోండి. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఎదురుగా లెక్కపెట్టాలి. గ్లాసులే పోతాయి, కంచాలు పోవు, ఎందుకో గానీ.

వంటగదిలో సిలిండరు నిలబెట్టే ఉంచాలి. గ్యాసు గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. అందుకని గోడ అడుగున, నేలకి దగ్గరగా గాలి రంధ్రాలుండాలి. పైన కిటికీ ఉంది కదా అనుకుంటే చాలదు.

కొండగాలి (మర్రిపాలెం)

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. ఒకటి, హాలు తాళం పాత కార్యదర్శి గారి దగ్గరే ఉంది. పెద్దాయన, అందరికీ గౌరవమే, కానీ అడిగినప్పుడల్లా ‘చూద్దాం’ అంటున్నారు. కొందరు కుర్రాళ్ళు తాళం పగలగొడదామంటున్నారు. రెండు, తుఫానొస్తే హాలుని ఆశ్రయానికి వాడొచ్చా? ఎంతమంది పడతారు? 100 కుర్చీలు పడతాయి కాబట్టి 100 మంది అనుకుంటున్నాం.

లెడ్జర్ మాస్టారు (సీతమ్మధార)

పగలగొట్టకండి బాబూ. ఆ క్షణం దాకా తప్పు ఆయనది, ఆ తర్వాత మీది. పైగా లోపల ఏం ఉండేవో, ఏం పోయాయో ఎవరూ చెప్పలేరు.

చాలాసార్లు ఇలాంటి ‘చూద్దాం’ వెనక భయం ఉంటుంది: లెక్కలడుగుతారని. కాబట్టి జనరల్ బాడీ తీర్మానంలోనే ‘ఈ తేదీ దాకా ఉన్న లెక్కలు ఉన్నవి ఉన్నట్టు స్వీకరిస్తున్నాం’ అనే వాక్యం పెట్టాలో వద్దో మీరే తేల్చుకోండి. చేతిలో పెద్ద మొత్తం లేకపోతే పెట్టడమే నయం. తర్వాత ఇద్దరు పెద్దలు, ఒక ఆడమనిషి వెళ్ళి ఆయన్నే మొదటి తాళం తీయమని అడగండి. అందరి ఎదుటా జాబితా రాయండి: కుర్చీలు బాగున్నవెన్ని విరిగినవెన్ని, ఫ్యాన్లు, మైకు సెట్టు, గిన్నెలు, కరెంటు మీటరు రీడింగు ఫోటో. ఆయన సంతకం, కొత్త కార్యదర్శి సంతకం, ఇద్దరు సాక్షులు, తేదీ. అదే అప్పగింత పత్రం. ఇవేవీ కుదరక పూర్తిగా మొండికేస్తే 2001 చట్టం 23వ సెక్షను కింద ఆర్బిట్రేషన్‌కో జిల్లా కోర్టుకో పోవచ్చు, కానీ ఏళ్ళు పడుతుంది, కాలనీ రెండుగా చీలుతుంది.

ఆ తర్వాత తాళాలు మూడు ఉండాలి, మూడు వేర్వేరు వీధుల్లో. ఒకటి రోజూ తెరిచే మనిషి దగ్గర, ఒకటి కమిటీలో ఒకరి దగ్గర, ఇంకోటి హాలుకి ఎదురింట్లో. ఎవరి దగ్గరున్నాయో బోర్డు మీద ఇంటి నంబరుతో రాయండి. ఒక్కరి బీరువాలో ఒక్క తాళం ఉన్నంతకాలం అది ఆయన హాలే.

నెలకోసారి వార్డు సచివాలయం ఎమినిటీస్ సెక్రటరీనీ, శానిటేషన్ సెక్రటరీనీ ఒక గంట హాలుకి పిలవండి. ఒక రిజిస్టరు పెట్టి కాలవ, వీధిదీపం, కుళాయి ఫిర్యాదులన్నీ రాయండి: తేదీ, స్తంభం నంబరు లేదా ఇంటి నంబరు, పురమిత్ర యాప్‌లో వచ్చిన ఫిర్యాదు నంబరు, ఫోటో తీసినవాళ్ళ పేరు. ‘మా వీధిలో లైట్లు వెలగట్లేదు’ అంటే ఎవరూ రారు, ‘ఫలానా నంబరు స్తంభం’ అంటే వస్తారు. రెండుసార్లు పెట్టినా కాకపోతే సోమవారం గ్రీవెన్సులో ఆ రిజిస్టరు పేజీ జిరాక్సే అర్జీ. ఎవరు రాసినా సరే, నలభై సంతకాలున్న పేజీని పక్కన పెట్టడం కష్టం.

సైట్ మేస్త్రి (గాజువాక)

తుఫాను లెక్క సరిచేస్తాను. కూర్చోవడం వేరు, పడుకోవడం వేరు. సహాయ శిబిరాలకి అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు కావాలి. మీ హాలు సుమారు 93 చదరపు మీటర్లు. అంటే 26 మంది. ఒక్క రాత్రికి ఇరుక్కుని 40 మంది దాకా సర్దుకోవచ్చు, అంతకు మించి కష్టం. బాత్‌రూము 20 మందికి ఒకటి చొప్పున చూస్తే మీ రెండూ ఆ 40కే సరిపోతాయి. నీళ్ళు మనిషికి రోజుకి 15 లీటర్లు, 40 మందికి 600. 1,000 లీటర్ల ట్యాంకు ఒకటిన్నర రోజు వస్తుంది. కరెంటు పోతే మోటారు తిరగదు, కాబట్టి హెచ్చరిక రాగానే ముందు ట్యాంకు నింపాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఇక్కడే తీరం దాటింది, కరెంటు, నీళ్ళు రోజుల తరబడి లేవు.

ఇంకోటి, అప్పుడు ఎగిరినవాటిలో రేకులు చాలా. మీ వంటగది ముందు రేకుల షెడ్డు ఉంటే రేకుల్ని పట్టి ఉంచే జె-బోల్టులు తుప్పు పట్టాయేమో ఏటా సెప్టెంబరులో చూడండి. కిటికీ అద్దాలకి ప్లైవుడ్ ముక్కలు ముందే కొలతకి కోయించి, ఏ కిటికీదో నంబరు వేసి అటక మీద పెట్టుకోవాలి. గాలి మొదలయ్యాక కొలతలు తీసుకోలేరు.

40 మందిలో ఎవరికి చోటన్నది కూడా ముందే రాసుకోండి: రేకుల ఇళ్ళవాళ్ళు, ఒంటరి పెద్దవాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, చంటిపిల్లల తల్లులు. వీధికి ఇద్దరు చొప్పున ఫోను గొలుసు పెట్టుకోండి, ఒక్కొక్కరు ఎనిమిది ఇళ్ళకే ఫోను చేయాలి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో గ్యాసు లీకైంది తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా. ఆ టైములో గ్రూపులో మెసేజి ఎవరూ చూడరు. ఫోను మోగాలి, లేదా తలుపు కొట్టాలి.

కొండగాలి (మర్రిపాలెం)

26 మందే అనేది మేం ఎవరం ఊహించలేదు. సరే, వచ్చే శనివారం సాయంత్రం నాలుగున్నరకి పెద్దాయన ఇంటికి ముగ్గురం వెళ్తున్నాం, జాబితా ఫారం రాసుకున్నాం. మేస్త్రి గారూ, ఒక్కటి: నీళ్ళు కట్టి పరీక్ష చేయమన్నారు కదా, పెచ్చులూడిన స్లాబు మీద అంగుళం నీటి బరువు ప్రమాదమా?

సైట్ మేస్త్రి (గాజువాక)

మంచి ప్రశ్న. అంగుళం నీళ్ళంటే చదరపు మీటరుకి 25 కిలోలు, బాగున్న స్లాబుకి లెక్కలోది కాదు. కానీ చువ్వలు బయటపడ్డ మూల దగ్గర ముందు ఇంజనీరు చేత చూపించండి. ఈలోగా ఆ మూల కింద ఎవరూ కూర్చోకుండా తాడు కట్టండి. స్లాబు మొత్తం ఒకేసారి కాకుండా ఇటుకలు పేర్చి, అంచులకి సిమెంటు పూసి నాలుగు భాగాలు చేసి, బాగున్న వైపు నుంచి ఒక్కో భాగం కట్టుకుంటూ రండి. అలా అయితే లీకు ఏ భాగానిదో కూడా తెలుస్తుంది.